సరిహద్దురాతికి ఇవతల

పఠనీయ భాగములు: ద్వితీయోపదేశకాండము 19:14; 22:8; లేవీయకాండము 6:1–7; 1 రాజులు 21వ అధ్యాయము

“నా స్థలములో నేను కట్టుకొనుచున్నాను. నీ స్థలములోనికి అంగుళమైనను రాలేదు.” ఇల్లు పెంచుకొనువారున్న ప్రతి వీధిలోను నేడు ఈ మాట వినబడుచున్నది. అది అబద్ధమైనచో విచారింపవలసినది స్వల్పమే. దస్తావేజులోని హద్దులు చూచి, సర్వేయరును పిలిచి కొలిపించినచో సంగతి తేలిపోవును. పొరుగువాని సరిహద్దురాతిని జరుపువాడు శాపగ్రస్తుడని లేవీయులు ప్రకటింపగా ప్రజలందరు ఆమేన్ అనవలసియుండెను (ద్వితీ. 27:17). అక్కడ సందేహమునకు తావులేదు. ఆ మాట నిజమైనప్పుడే అసలు చిక్కు వచ్చుచున్నది. రాయి కదలలేదు, గోడ హద్దు దాటలేదు. అయినను ప్రక్కయింటి వంటగదిలో చీకటి కమ్మినది. పెరటిలో స్త్రీలు తల ఆరబెట్టుకొనుటకు వెనుదీయుచున్నారు. వానకాలములో క్రొత్త శ్లాబు నీరు ప్రక్కవారి పునాదిలోనికి దిగుచున్నది. ఏమియు తీసికొననివాడు ఏదియో తీసికొన్నాడు. దీనిని దేవుని యెదుట ఏమని పిలువవలెను?

ఇట్లు కట్టుకొనువారిలో దురాశాపరులు కొలదిమందియే. ఉపాధ్యాయులు, నర్సులు, రైల్వే ఉద్యోగులు ముప్పది సంవత్సరములు అద్దెయిండ్లలో గడిపి, పదవీ విరమణ సొమ్ముతో గుంటూరులోనో ఖరగ్‌పూరులోనో నూరు గజముల స్థలము కొని, రెండు గదులు వేసికొందురు. కుమారునికి వివాహమగును. కోడలు వచ్చును. మంచముపట్టిన తల్లిని చూచుకొనుటకు మరియొక గది కావలెను. స్థలము పెరుగదు గనుక ఇల్లు ప్రక్కకు జరుగును, లేదా పైకి లేచును. కట్టించువాని గుండెలో ఉన్నది కుటుంబ ప్రేమ. అందుచేతనే ఈ ప్రశ్న కఠినమైనది. ఒక ప్రేమ మరియొక ప్రేమకు గోడ అడ్డము పెట్టుచున్నది.

గ్రంథానువాదములో జీవితము గడుపువానిని కొన్ని మాటలు విడువక వెంటాడును. నాకు అట్టి మాటలలో ‘పొరుగువాడు’ ఒకటి. హెబ్రీ భాషలో ‘రేయ’ అనగా స్నేహితుడు, తోటివాడు. ఇండ్ల సామీప్యము ఆ మాటలో లేదు. ప్రక్కన నివసించువానికి ‘షాఖేన్’ అను వేరొక మాట గలదు. గ్రీకు అనువాదకులు ‘రేయ’కు బదులుగా ‘ప్లేసియోన్’ అని వ్రాసిరి. అది ‘దగ్గర’ అను అర్థముగల మాట. మన తెలుగు ఆ త్రోవనే నడిచి ‘పొరుగువాడు’ అన్నది. దీనివలన కొంత నష్టము కలిగినది. పొరుగువాడనగా గోడ ప్రక్కనున్నవాడే అని తలంచువానికి మంచి సమరయుని ఉపమానము సగమే బోధపడును. అయితే లాభమును ఉన్నది. తెలుగు విశ్వాసి పొరుగువానిని ప్రేమించుట అను ఆజ్ఞను విని దూరదేశములకు ఎగిరిపోజాలడు. సువార్త పనికి చందా పంపి, ప్రక్కయింటివారితో పది సంవత్సరములుగా మాటలు లేనివారిని మనమెరుగుదుము. వారికి ఆ మాట ప్రహరీగోడయొద్దనే ఎదురగును.

నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపుమని చెప్పు లేవీయకాండము 19:18లోను, సరిహద్దురాతిని గూర్చిన ద్వితీయోపదేశకాండము 19:14లోను ఉన్నది ఆ ‘రేయ’ అను మాటయే. ప్రేమింపవలసినవాడును, హద్దు గలవాడును ఒక్కడే. మరియు అక్కడ ‘సరిహద్దు’ అని మనము చదువు ‘గెవూల్’ అను పదమునకు గీత అనియు, ఆ గీత లోపలి భూమి అనియు రెండర్థములు గలవు. ఒక పదమునకు రెండర్థములున్నవని దానిమీద ఒక నీతిని కట్టివేయుట వ్యాఖ్యాతకు తగదు. ప్రసంగములలో ఈ దోషము విరివిగా కనబడుచున్నది. నేను చెప్పునది ఇంతమాత్రమే: గీతను కాపాడుట గీతకొరకు కాదు, దాని లోపల బ్రదుకువానికొరకు.

అహాబు కథను మనము సాధారణముగా హత్యకథగానే చదువుదుము. అది మొదట ఇల్లు పెంచుకొనుటకు సంబంధించిన కథ. నాబోతు ద్రాక్షతోట రాజు నగరును ఆనుకొనియున్నది. రాజునకు కూరతోట కావలెను. అతడు చెప్పిన కారణము ఒక్కటే, అది నా యింటికి దగ్గరగా ఉన్నదని. అతడిచ్చిన బేరము అన్యాయమైనది కాదు: అంతకంటె మంచి తోట, లేదా రొక్కము. వ్యాపార దృష్టితో చూచినచో నాబోతే మొండివాడు. కాని గమనింపుడి, ‘దగ్గర’ అను ఆ ఒక్క సంగతిని రెండు విధములుగా చదువవచ్చును. నా యింటికి దగ్గర గనుక అది నాకు అనుకూలము అనుట ఒక పాఠము. నా యింటికి దగ్గర గనుక అతనికి నావలన కలుగు కీడునకు నేను ఉత్తరవాదిని అనుట రెండవ పాఠము. అహాబు మొదటిదానిని మాత్రమే చదువగలిగెను. ఏలీయా వచ్చువరకు రెండవది అతని చెవిని పడలేదు.

ఇల్లు కట్టువానికి ధర్మశాస్త్రము నేరుగా ఇచ్చిన ఆజ్ఞ పిట్టగోడను గూర్చినది (ద్వితీ. 22:8). క్రొత్త ఇంటి కప్పుచుట్టు గోడ కట్టవలెను; లేనియెడల పడిపోయినవాని రక్తదోషము ఇంటిమీదికి వచ్చును. కప్పు నాది, ఇల్లు నాది, పడినవాడు తన కాలు జారి పడినాడు. అయినను దోషము నాది. ఎవడును పడకముందే, పడబోవువాని పేరైనను తెలియకముందే, నా గోడ వానిని తలంచుకొనవలెను. యిర్మీయా యెహోయాకీమును గద్దించిన మాటలలో (22:13–14) విశాలమైన మేడగదులును, వెడల్పైన కిటికీలును ఉన్నవి. అక్కడ కూలి ఇయ్యక పని చేయించుకొనబడినవాడును ‘రేయ’యే అనుట మేస్త్రీలతోను కూలీలతోను పైసలకు పెనుగులాడు మనము జ్ఞాపకముంచుకొనదగినది.

ఈ ప్రశ్నను యూదా రబ్బీలు మనకంటె శ్రద్ధగా విచారించిరి. క్రీస్తు శకము 200 ప్రాంతమున కూర్చబడిన మిష్నాలో ‘బావా బత్రా’ అను భాగము ఇరుగుపొరుగు గోడలు, కిటికీలు, గుంటలు, చెట్లను గూర్చినది. పొరుగువాని కిటికీకి ఎదురుగా గోడ కట్టువాడు నాలుగు మూరలు ఎడమీయవలెను. కిటికీకి పైగాను క్రిందుగాను కూడ నాలుగు మూరల ఎడమే. కారణమును తల్మూదు వివరించుచున్నది: ఎదురుగా ఎడము వెలుతురు పోకుండుటకు, పైన క్రింద ఎడము తొంగిచూడకుండుటకు. చూపువలన కలుగు నష్టమును వారు నిజమైన నష్టములలో ఒకటిగా ఎంచి, దానికి ఒక పేరుకూడ పెట్టిరి. ఇశ్రాయేలీయుల గుడారముల ద్వారములు ఒకదానికొకటి ఎదురుగా లేకుండుట చూచియే బిలాము ఆ గుడారములను మెచ్చుకొనెనని వారి వ్యాఖ్యానము. అది సంఖ్యాకాండము 24లోని మాటల సహజార్థమని నేను చెప్పను. అయితే పరుల గడపలోనికి చూడకుండుట కూడ దేవుని ప్రజల సౌందర్యమని తలంచినవారి మనస్సు నాకు ప్రియమైనది.

ఆ గ్రంథములోనే మన వీధిమాటకు ఒక న్యాయవాది కూడ ఉన్నాడు. పొరుగువాని నీటిగుంటకు చెట్టు ఎంత దూరమున నాటవలెనను వాదములో రబ్బీ యోసే, అతడు తన స్థలములో త్రవ్వుచున్నాడు, ఇతడు తన స్థలములో నాటుచున్నాడు, అడ్డేమని వాదించెను. దీనిని పాత మాటయని కొట్టివేయరాదు. పొరుగువాని ప్రతి అసౌకర్యమును హక్కుగా ఒప్పుకొన్నచో ఎవడును ఏమియు కట్టజాలడు. కాని తల్మూదు ప్రకారము రబ్బీ యోసేయు ఒకటి ఒప్పుకొనెను: తన స్థలములో నిలిచి బాణము వేయుటకు ఎవనికిని అధికారము లేదు. బాణము వేసినవాని పాదములు తన నేలమీదనే ఉండవచ్చును. బాణము దిగినచోటనే తీర్పు. కావున మన విచారణ గోడ ఎక్కడ నిలిచినదని మాత్రమే కాక, దాని నీడ, దాని నీరు, దాని కిటికీల చూపు ఎక్కడ పడుచున్నవని కూడ అడుగవలెను.

మన దేశ శాసనము ఈ సంగతిని ఎరుగనిది కాదు. 1882లో చేయబడి మొదట మద్రాసు రాజధాని, మధ్యపరగణాలు, కూర్గులలో అమలైన ఈజ్‌మెంట్ల చట్టము ప్రకారము, ఒక ఇంటికి ఇరువది సంవత్సరములు నిరాటంకముగా హక్కుగా అనుభవించిన వెలుతురును గాలియు హక్కుగా స్థిరపడును. క్రొత్త కిటికీ తెరచి ప్రక్కయింటి మరుగును భంగపరచరాదను ఊరి ఆచారమునకు ఆ చట్టమే ఒక ఉదాహరణమిచ్చినది. 1888లో అలాహాబాదు ఉన్నత న్యాయస్థానము అట్టి ఆచారమును గుర్తించి, అంతఃపుర స్త్రీల మరుగును రక్షించినది. అయితే శాసనమునకు మేరలు గలవు. ప్రక్క నేల ఇచ్చు ఆధారముమీద నా భూమికి స్వభావసిద్ధమైన హక్కున్నది గాని, నా భూమిమీది కట్టడమునకు ఆ హక్కు దానంతటదే రాదు. దానికిని ఇరువది సంవత్సరములు కావలెను. నల్లరేగడి నేలలో వానకు ఉబ్బి, ఎండకు బిగిసి, ఏటేట పునాదిని కదలించు మట్టి ప్రక్కన లోతుగా గోతులు త్రవ్వినప్పుడు, నిన్నమొన్న కట్టిన పేదవాని మట్టిగోడ పగిలినచో అతడు న్యాయస్థానములో ఏమి నిరూపింపగలడు? నిరూపింపలేడు గనుక పగులు లేదా?

నేనెరిగిన ఒక సంగతి చెప్పెదను. కోస్తాలోని ఒక పట్టణములో ఒకే సంఘమునకు చెందిన రెండు కుటుంబములు గోడ ప్రక్క గోడగా ఉండెను. పడమటి పెంకుటింట భర్తను కోల్పోయిన వృద్ధురాలు; తూర్పు ఇంట సంఘకమిటీలో సభ్యుడైన ఒక గుమాస్తా. ఆమె వంటగదికి వెలుతురు తూర్పు కిటికీనుండియే రావలెను. పొద్దుట పొయ్యి రాజవేసి, ఆ కిటికీ క్రింద పీటమీద కూర్చుండి ఆమె వాక్యము చదువుకొనెడిది. ఆయన రెండవ కుమారునికొరకు ప్రక్కగదియు, దానిపై మేడయు వేసెను. పురపాలక సంఘమునకిచ్చిన ప్లానులో విడువవలసిన సందు గీయబడియున్నది; కట్టునప్పుడు అది ఒక్క అడుగైనది. అంతట ఆమె పగలు పదిగంటలకు దీపము వేసికొని బియ్యము ఏరుకొనవలసివచ్చెను.

ఆమె ఫిర్యాదు చేయలేదు. సంఘకాపరి ఆమె యింటికి కాఫీకి వెళ్లి, చీకటిలో కాలు గడపకు తగిలి, కారణమడుగగా సంగతి బయటపడెను. ఆయన ఆ సహోదరునితో మాటలాడినప్పుడు వచ్చిన ఉత్తరువు ఇది: “అయ్యగారూ, అది ఇప్పుడు సక్రమమైనది. రుసుము కట్టితిని. కాగితమున్నది.”

ఆ మాటయు నిజమే. 2007 డిసెంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, అనుమతిలేనివియు ప్లానును అతిక్రమించినవియునైన కట్టడములను అపరాధరుసుముతో క్రమబద్ధము చేయు పథకమును ప్రకటించెను. జనులు దానిని బి.పి.ఎస్. అనిరి. 2015లో తెలంగాణలో బి.ఆర్.ఎస్. అను పేర అట్టిదే వచ్చెను. ప్రభుత్వమునకు తన కారణములుండవచ్చును. వేలకొలది ఇండ్లను కూల్చుట ఎవరికిని సాధ్యము కాదు, ఎవరికిని మంచిదియు కాదు. నా ప్రశ్న ప్రభుత్వమునకు కాదు, ఆ కాగితమును క్షమాపణపత్రముగా చదువు విశ్వాసికి. రుసుము చేరినది పురపాలక ఖజానాకు. వెలుతురు పోయినది ఆ వృద్ధురాలికి. పగటి దీపమునకు విద్యుత్తు బిల్లు చెల్లించుచున్నదియు ఆమెయే. ఋణము ఒకరికి, చెల్లింపు వేరొకరికి. ఆ కాగితము పట్టణముతో ఆయనకున్న లెక్కను ముగించినది. ప్రక్కయింటితో ఉన్న లెక్కను అది తెరవనైన లేదు.

లేవీయకాండము ఆరవ అధ్యాయము ఈ చోటికి సరిగా వచ్చుచున్నది. పొరుగువానికి నష్టము చేసినవాడు యెహోవాకు విరోధముగా ద్రోహము చేసినవాడని అక్కడ చెప్పబడినది. అట్లయినచో బలి తెచ్చి దేవునితో సరిచేసికొన్న చాలునుగదా? చాలదు. అసలును చెల్లించి, దానిపై అయిదవవంతు కలిపి, సొత్తు ఎవరిదో వానికే ఇయ్యవలెను, అటుపిమ్మటనే పొట్టేలు. ఖజానాకు కాదు, యాజకునికైనను కాదు, నష్టపడినవానికి. బలిపీఠమునొద్ద అర్పణమును విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమని కొండమీద ప్రభువు చెప్పినదియు ఈ వరుసయే. క్రుపామూలముగానే రక్షణయని సంస్కరణ సంఘములవారమైన మనము గట్టిగా బోధింతుము, బోధింపవలెను. కాని జక్కయ్య యింటికి కృప వచ్చినదినముననే అతని నోట నాలుగంతల లెక్క వచ్చినదని మరువరాదు. కృప లెక్కపుస్తకమును చింపివేయలేదు. దానిని తెరచుటకు ధైర్యమిచ్చినది.

మన లూథరన్ సహోదరులు బాల్యముననే కంఠస్థము చేయు చిన్న ప్రశ్నోత్తరియందు (1529) పొరుగువాని యిల్లు ఆశింపకూడదను ఆజ్ఞకు లూథరు చేసిన వివరణ జ్ఞాపకము తెచ్చుకొందురు గాక. దొంగతనమునుగూర్చి చెప్పవలసినది వేరొక ఆజ్ఞక్రింద చెప్పియే ఉన్నాడు. ఇక్కడ అతడు నిషేధించునది న్యాయమను వేషముతో, హక్కు అను పైపూతతో పొరుగువాని యింటిని స్వాస్థ్యమును చేజిక్కించుకొనుట. కాగితముతో వచ్చు పాపమునకు ఒక ప్రత్యేకమైన ఆజ్ఞ అవసరమైనదని అతడు గ్రహించెను.

పేదవాని సంగతియేమని మీరడుగవచ్చును. అరువది గజములలో నలుగురు బిడ్డలతో ఉన్నవాడు రెండువైపుల సందు విడిచినచో అతనికి మిగులునది సందే. నిజము. విస్తీర్ణమునుబట్టియు ఎత్తునుబట్టియు విడువవలసిన ఖాళీని నిర్ణయించుటలో ప్రభుత్వ నిబంధనలు సహితము ఈ భేదమును పాటించును. అవసరతకొరకు గోడను గోడకు ఆనించినవానిని, అద్దె వచ్చునని మూడవ అంతస్తు లేపినవానిని ఒకే తక్కెడలో వేయుట న్యాయము కాదు. యెషయా శపించినది ఇంటికి ఇల్లు చేర్చి, ఇతరులకు స్థలము మిగులకుండ చేయువారిని (5:8). తలదాచుకొనుటకు ఒక గది కలుపుకొన్నవానిని కాదు.

పొరుగువాని వైపునను పాపముండవచ్చును. క్రొత్త గోడకు ఆవలిప్రక్క పూత వేయవలెనన్న మేస్త్రీ ప్రక్కవారి పెరటిలో నాలుగు దినములు సారువ నిలుపవలెను. అందుకు ఒప్పుకొననివారున్నారు. వారికి పోవునది ఏమియు లేదు, పూతలేని గోడ వానకు నాని వారికే అసహ్యముగా కనబడును, అయినను ఒప్పుకొనరు. ప్రక్కవాడు మేడ వేయుచున్నాడను మంట తప్ప కారణము లేదు. తనకు నష్టములేనిచోట ఇతరుని లాభమునకు అడ్డుపడుటను రబ్బీలు సొదొమవారి పద్ధతి అనిరి. నాది నాదే, నీది నీదే అనుటకూడ సొదొమ పద్ధతియే అని చెప్పినవారు వారిలో ఉండిరి. కట్టువానికిని, కట్టనీయనివానికిని ఆ మాట సమముగా తగులును.

సహోదరునిపై వ్యాజ్యెమునకు పోవుటను పౌలు ఖండించెనుగదా (1 కొరింథీ. 6) అని ఇట్టి తగవులలో తరచుగా చెప్పబడుచున్నది. చెప్పువాడు సాధారణముగా గోడ కట్టినవాడే. నష్టమును సహించుట మేలుకాదా అని పౌలు అడిగిన తరువాత, ఆ వెంటనే ఎనిమిదవ వచనములో, సహోదరులకే అన్యాయము చేయువారిని గద్దించుచున్నాడు. మొదటి సగమును విధవరాలికి వినిపించి, రెండవ సగమును గుమాస్తాకు వినిపింపని సంఘము పౌలును చదువలేదు.

ఆ పట్టణపు సంగతి ఎట్లు ముగిసెనో చెప్పవలెను. సంఘకాపరి గోడ కూల్చుమనలేదు. కూల్చినచో ఆ కుమారుడును కోడలును వీధిని పడుదురు. ఆమెకు ఏమి కావలెనో ఆమెనే అడిగిరి. ఎనిమిది నెలలు గడచిన పిమ్మట ఆ సహోదరుడు తన ఖర్చుతో ఆమె వంటింటి కప్పులో నాలుగు గాజుపెంకులు వేయించెను. తన గోడకు ఆమె వైపున తెల్లసున్నము కొట్టించెను. శ్లాబు నీటిగొట్టమును తన ముంగిటికి త్రిప్పించెను. సున్నము వేయువాని నిచ్చెన ఆమె పెరటిలోనే నిలిచినది. వెలుతురు మునుపటంత రాలేదు. మధ్యాహ్నమున పెంకులనుండి ఎండ నేరుగా పొయ్యిమీద పడుచున్నదని ఆమెయే నాతో చెప్పినది.

మన సంఘములలో పునాది వేయుటకు ప్రార్థన గలదు, గృహప్రతిష్ఠకు ఆరాధన గలదు. సంఘకాపరి ముందరి గుమ్మములో నిలిచి వాక్యము చదివి, గదిగదికి వెళ్లి ప్రార్థించును. ప్రక్క సందులోనికి వెళ్లి చూచు వాడుక మనకు ఇంతవరకు లేదు. పునాది ప్రార్థనకు పిలువబడిన కాపరి, ముగ్గు పోసిన నేలమీద ఇంటివారితోకూడ ఒక్కసారి హద్దువెంబడి నడిచి, ఆవలి కిటికీలు ఎన్ని, అవి ఏ గదులవి అని అడిగినచో ఆరాధనక్రమము పాడుకాదు. ఆ సమయమునకు పిల్లర్ల గోతులు ఇంకను త్రవ్వబడియుండవు.